నక్షత్రసీమలో హత్య, అనురాగము

వీరగాథలోనికి హత్యను, హత్యాన్వేషణలోనికి ప్రణయమును తెచ్చి కలుపుట సులభము; కలిపిన పిమ్మట ఏ ఒక్కదానిని తీసివేసినను తక్కినవి నిలువజాలనట్లు కూర్చుట మాత్రము అరుదైన శిల్పము. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున 1949లో జన్మించిన లోయిస్ మెక్‌మాస్టర్ బుజోల్డ్, 1986లో 'షార్డ్స్ ఆఫ్ ఆనర్' నవలతో ఆరంభించి మూడు దశాబ్దములు సాగించిన వోర్కోసిగన్ కథావళిలో ఈ శిల్పము పరిపక్వదశ నందినదని నా విశ్వాసము. అంతరిక్షయుద్ధకథలనగానే పెదవి విరచు సాహిత్యప్రియులు మనలో పెక్కురు గలరు. ఈ వ్యాసము ముఖ్యముగా వారి నుద్దేశించినదే.

విజ్ఞానకల్పనాకథలలో అపరాధపరిశోధనకు తావు లేదని జాన్ కాంప్‌బెల్ అను ప్రసిద్ధ సంపాదకుడు ఒకప్పుడు వాదించెను. పరిశోధకుడు చిక్కున పడినప్పుడెల్ల రచయిత ఒక క్రొత్త యంత్రమును సృష్టించి ఆతనిని గట్టెక్కింపవచ్చును గదా, ఇక చదువరి ఊహించుటకు మిగులునదేమి యని ఆతని ఆక్షేపణ. 1953లో ధారావాహికముగా వెలువడిన 'ది కేవ్స్ ఆఫ్ స్టీల్' నవలతో ఐజాక్ అసిమోవ్ దీనికి సమాధానము చెప్పెను: ఆ లోకమున నేది సాధ్యమో, ఏది కాదో ముందుగనే తెలిపి, ఆ హద్దు దాటక కథ నడపినచో చదువరికి అన్యాయము జరుగదు. బుజోల్డ్ ఈ నియమమును పాటించుటతో తృప్తి పడక, పరిశోధకకథకు ప్రాణాంతకమని తోచు సాధనమునే తన లోకమున ప్రవేశపెట్టెను. అచట 'ఫాస్ట్-పెంటా' అను ఔషధము కలదు. అది దేహమున కెక్కినచో ఎంతటి గుండెదిటవు గలవాడైనను ఆనందపారవశ్యమున అడిగినదెల్ల చెప్పివేయును. నిజము కక్కించు మందు చేతనుండగా పరిశోధనకు పనియేమి? ఈ ప్రశ్నకు ఆమె యిచ్చిన ఉత్తరమే 1989లో వెలువడి హ్యూగో, నెబ్యులా పురస్కారములు రెంటిని గెలుచుకొన్న 'ది మౌంటెన్స్ ఆఫ్ మోర్నింగ్' అను పెద్దకథ.

బరయార్ అను గ్రహము శతాబ్దములపాటు తక్కిన మానవలోకముతో సంబంధము తెగి ఒంటరియై యుండెను. వికృతరూపముతో పుట్టిన శిశువులను పురిటిలోనే చంపు దురాచారము ఆ కాలమున పుట్టి, చట్టము నిషేధించిన తరువాతను కొండపల్లెలను విడువలేదు. హారా అను కొండపడుచు, పెదవి చీలికతో పుట్టిన తన పసికందును ఎవరో చంపిరని, నాలుగు దినములు కాలినడకన వచ్చి ప్రభువు వాకిట న్యాయమడుగును. ఆమె మొర విచారించుటకు ప్రభువు తన కుమారుడు మైల్స్‌ను తన ప్రతినిధిగా పంపును. ఈ మైల్స్ వోర్కోసిగన్ ఇరువది యేండ్లవాడు. సైనికవిద్యాలయము నుండి అప్పుడే పట్టము పుచ్చుకొన్నవాడు. తల్లిగర్భమున నుండగా సోకిన విషవాయువు ఫలితముగా ఎముకలు పెళుసై, అయిదడుగులైనను ఎదుగనివాడు. ఆతని వైకల్యము వంశదోషము కాదన్న వివేచన ఆ పల్లెవారికి లేదు. వారి కండ్లకు ఆతడు పురిటిలో చంపబడవలసిన వాడు, న్యాయాధికారియై గుఱ్ఱమెక్కి వచ్చియున్నాడు.

పరిశోధన క్లుప్తముగా జరుగును. పాతిపెట్టిన శిశువును వెలికి తీసి వైద్యుడు పరీక్షించును. మెడ విరిచినట్లు తేలును. రాత్రివేళ ఎవరో మైల్స్ గుఱ్ఱము కంఠమున కత్తి దింపుదురు. తుదకు ఔషధము సత్యమును వెలిబుచ్చును. హంతకులెవరో ఇచట చెప్పుట చదువరులకు ద్రోహము చేయుటయే. కాని అది తెలిసిన పిమ్మట, చంపినవారిని చంపవలెనా, క్షమింపవలెనా, ఆ బిడ్డవంటి బిడ్డలు ఇకమీదట బ్రతుకుటకు ఏ తీర్పు తోడ్పడును అను విచారము మైల్స్ మీద పడును. ఏ ఔషధమును ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు. ఆతడు విధించిన శిక్ష, ప్రాణము తీయకుండ చట్టదృష్టిలో మాత్రము మృతిగా పరిగణించు విచిత్రమైన శిక్ష, చదివిన నాటినుండి నన్ను విడువలేదు. యంత్రము రహస్యమును హరించినప్పుడు రచయిత్రి రహస్యమును వదలి ధర్మసందేహమును పట్టుకొనెను. ఈ కథలోని నేర్పంతయు ఆ ఒక్క మలుపున నున్నది.

ప్రణయమును ముడివేయు విధమున కింతకంటె సూక్ష్మమైన ఉదాహరణము 1998 నాటి 'కొమార్', 1999 నాటి 'ఎ సివిల్ కాంపెయిన్'. కొమార్ గ్రహమున బయటిగాలి పీల్చదగినది కాదు. జనులు గాజుకప్పుల క్రింది నగరములలో నివసించుచు, వెలుపలికి పోవునపుడు శ్వాసకవచములు ధరింతురు. దర్యాప్తునకై వచ్చిన మైల్స్, తనకు ఆతిథ్యమిచ్చిన ఇంటి యజమానితో కూడ ద్రోహులకు చిక్కి, ఆరుబయట గొలుసులతో కట్టబడును. కవచమున ప్రాణవాయువు సరిపడునంత యున్నదో లేదో చూచుకొనక వచ్చిన ఆ గృహస్థు, చేయి చాచినను అందని దూరమున, మైల్స్ కండ్లయెదుటనే ఊపిరాడక మరణించును. ఆ మృతుని భార్యయైన ఎకటెరీన్ మీదనే మైల్స్‌కు అప్పటికే మనసు కలిగియున్నది. తరువాతి నవలలో, భార్యను కోరి భర్తను చంపెనన్న అపవాదు బరయార్ రాజధాని యంతట వ్యాపించును; అసలు సంగతి రాజ్యరహస్యమగుటచే నోరు విప్పి ఖండించు అవకాశము ఆతనికి లేదు. హత్యావృత్తాంతమున మిగిలిపోయిన రహస్యమే ప్రణయమునకు అడ్డంకియగుటను, ఆ రహస్యమును విధించినది సైనికధర్మమే యగుటను గమనింపుడు. మూడు కథలకు ముడి ఒక్కటే.

'ఎ సివిల్ కాంపెయిన్' అంకితమున రచయిత్రి నలువురు స్త్రీల తొలిపేర్లు మాత్రమే వ్రాసెను. జేన్ ఆస్టిన్, షార్లట్ బ్రాంటీ, జార్జెట్ హేయర్, డొరొతీ సేయర్స్ అని ఎరిగిన చదువరులు వెంటనే గుర్తింతురు. ఈ నలువురిలో సేయర్స్ అపరాధపరిశోధక నవలల రచయిత్రి. ఆమె 1937లోనే ప్రేమకథను, హత్యాపరిశోధనను ఒకే నవలలో నడపి చూపెను. బుజోల్డ్ ఆ దారిని నక్షత్రములవరకు పొడిగించినది.

యుద్ధభాగమును గూర్చి రెండు మాటలు చాలును. నౌకలు ఒక నక్షత్రమునుండి మరియొకదానికి పోవుటకు ఆకాశమున కొన్ని దారులే యున్నవి. కొండల నడుమ కనుమను పట్టుకొన్నవాడు దేశమును పట్టుకొన్నట్లు, ఆ దారిని ఏలువాడు గ్రహమును ఏలును. బరయార్‌కు గల ఒకే దారి కొమార్ చేతనుండుటయే ఆ రెండు గ్రహముల వైరమునకు మూలము. అయితే తొలినాటి నవలలలో పదునేడేండ్ల బాలుడైన మైల్స్ మాటనేర్పుతో కిరాయి నౌకాదళమును కూడగట్టుట అదృష్టమున కెక్కువ చోటిచ్చినట్లు నాకు తోచును.

మన ఆలంకారికులు ప్రబంధమున ఒక రసము అంగిగాను, తక్కినవి అంగములుగాను ఉండవలెననిరి. ఈ కథావళికి వీరము అంగియని పై చూపునకు తోచును గాని, నా తలంపున కరుణమే అంగి. దుర్బలుని బ్రతుకునకు గల విలువను నిలబెట్టుటకే ఇందు నౌకలు కదలును, నేరములు తేలును, ప్రేమలు ఫలించును. 2017లో హ్యూగో పురస్కారములలో కథావళులకై ప్రత్యేకపురస్కారము నిచ్చినపుడు, అది ఈ రచనకే లభించినది. చదువదలచినవారు యుద్ధనవలలతో ఆరంభింపక, 'ది మౌంటెన్స్ ఆఫ్ మోర్నింగ్' ముందు చదివి, పిమ్మట 'కొమార్', దాని వెనుక 'ఎ సివిల్ కాంపెయిన్' చేపట్టవలెనని నా మనవి.