కప్పుకు తగిన చక్రం

పాత అంబాసిడర్‌ను మళ్లీ పుట్టినప్పటి రూపానికి తేవాలనుకునేవాళ్లకు వీల్ కప్పులు నాలుగూ దొరికిన రోజు పండగే. అసలు వెతుకులాట మర్నాటి నుంచి మొదలవుతుంది. కప్పు చేతిలో ఉంది. అది కూర్చునే డిస్కు ఏది?

కారు చేతులు మారే కొద్దీ చక్రాలూ మారిపోతాయి. ఒకరు అల్లాయ్ బిగిస్తారు, ఇంకొకరు తుప్పుపట్టిన డిస్కు తీసేసి మరో బండిది సరిపెడతారు. కప్పు మెరుస్తుంది కాబట్టి ఎవరో ఒకరు గుడ్డలో చుట్టి అటక మీద దాస్తారు. దాన్ని మోసిన ఇనుప డిస్కు మాత్రం తూకానికి పోతుంది.

కప్పు పట్టు అంతా చిన్న కొలతల్లో ఉంది. డిస్కు మధ్యలో గుండ్రంగా మూడో నాలుగో బొడిపెలు ఉంటాయి, కొన్నిటికి స్ప్రింగ్ క్లిప్పులు. కప్పు లోపలి అంచు వాటి మీదుగా జారి బిగుసుకుంటుంది. అరచేత్తో చరిస్తే కూర్చోవాలి, స్క్రూడ్రైవర్‌తో ఎత్తితేనే ఊడాలి. ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా వస్తే అసలు ఎక్కదు, ఎక్కినా గతుకు తగలగానే ఎగిరి పొలంలో పడుతుంది. అందుకే టైరు సైజు ఒక్కటే చెబితే చాలదు. అంబాసిడర్‌ది 15 అంగుళాల చక్రం, ప్రీమియర్ పద్మినిది 14. కానీ 15 అంగుళాల డిస్కులన్నిటికీ బొడిపెలు ఒకే చోట ఉండవు, నట్ల మధ్య దూరమూ ఒకటి కాదు. షెడ్డుకు వెళ్లేటప్పుడు కప్పును చంకన పెట్టుకునే వెళ్లాలి.

వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి? డిక్కీలో ఉన్న స్టెప్నీతో.

స్టెప్నీ అనే మాటకే నూరేళ్లు దాటాయి. 1904లో వేల్స్‌లోని లనెల్లి పట్టణంలో, స్టెప్నీ వీధిలో ఇనుప సామాన్లు అమ్మే డేవీస్ సోదరులు అదనపు చక్రాన్ని తయారుచేశారు. అప్పట్లో కార్లకు స్పేర్ చక్రమే ఉండేది కాదు. ఆ వీధి పేరు మన లారీ డ్రైవర్ల నోట ఇంకా బతికే ఉంది. నాలుగు చక్రాలూ మార్చినవాళ్లు ఐదోదాన్ని పట్టించుకోకపోతే, పుట్టినప్పటి డిస్కు అక్కడే పడి ఉంటుంది. దాని మీద కప్పు పెట్టి చూస్తే మిగతా నాలుగింటికీ కొలత దొరికినట్టే.

శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు ఈ వేటలో ఒక దారి కలిసొస్తుంది. భోగాపురం, రణస్థలం, నరసన్నపేట, పలాస, ఇచ్ఛాపురం మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారి కోల్‌కతా దగ్గర డంకుని వరకు పోతుంది. అక్కడికి దగ్గర్లోనే ఉత్తర్‌పారా. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి పుట్టిన అంబాసిడర్ 2014 మే దాకా తయారైంది అక్కడే. కొత్త డిస్కులు ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ నుంచి రావు గానీ, ఈ రోడ్డు పక్కన షెడ్లలో, పాత ఇనుము కొట్లలో అడిగి చూడవచ్చు. బోర్డు నిలబెట్టడానికి కాంక్రీటు పోసిన రిమ్మును కూడా తిరగేసి చూడాలి.

దొరికిందని వెంటనే బిగించకూడదు. సముద్రపు ఉప్పుగాలికి డిస్కు అంచులు లోపల్లోపలే తినుకుపోతాయి. రంగు గీకి, నట్ల రంధ్రాల చుట్టూ పగుళ్లు వెతకాలి. జాకీ మీద కారెత్తి, చక్రం తిప్పుతూ అంచు దగ్గర సుద్దముక్క పట్టుకోవాలి. సుద్ద ఒక్కచోటే గీసిందంటే డిస్కు వంకర. అరిగిన బొడిపె మీద వెల్డింగ్ చుక్క పెట్టడం ఇంకా ప్రమాదం. ఆ వేడికి ఇనుము బలం మారుతుంది, మోసేది మనుషుల ప్రాణాలు. సర్దుబాటు ఏదైనా కప్పు అంచు దగ్గరే చేసుకోవాలి.

యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న కార్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసే నిబంధనలను కేంద్రం 2021 జులైలో తెచ్చింది. వాటికి వీఏ అక్షరాలున్న నంబరు ప్లేటు ఇస్తారు. యాభై ఏళ్లు నిండేదాకా ఆగే ఓపిక తుప్పుకు లేదు. పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో పాత డిస్కు ఉన్నవాళ్లు దాన్ని తూకానికి వేసేముందు, ఊళ్లో పాత కారున్న ఇంటికి ఒక్కమాట కబురు పెట్టండి.