గ్వాంగ్జూ నవల – కనిపించని సమ్మతి

నియంతృత్వం మీద ప్రజలు తిరగబడిన ఘట్టాన్ని వస్తువుగా తీసుకున్న నవలాకారుణ్ణి మనం రెండు ప్రశ్నలు అడుగుతాం. తిరగబడిన ప్రజలను చూపించావా? వాళ్ళను అణచిన శక్తులను చూపించావా? దక్షిణ కొరియా రచయిత్రి హాన్ కాంగ్ 2014లో ప్రచురించిన గ్వాంగ్జూ నవల మొదటి ప్రశ్నకు ఇచ్చిన సమాధానం అసాధారణమైనది. రెండవ ప్రశ్నకు మాత్రం సగం సమాధానమే ఇచ్చిందని నా అభిప్రాయం. నవల కొరియన్ పేరుకు ‘బాలుడు వస్తున్నాడు’ అని అర్థం. ఇంగ్లీషులో 2016లో ‘హ్యూమన్ ఆక్ట్స్’ అనే పేరుతో వచ్చింది. నేను చదివింది ఆ అనువాదమే. రచయిత్రికి 2024లో నోబెల్ బహుమానం వచ్చింది కనుక ఇక పొగడ్తలకు కొదవ ఉండదు. విమర్శ చెయ్యవలసిన పని వేరే ఉంది.

ముందు చరిత్ర. 1961లో సైనిక కుట్రతో అధికారానికి వచ్చిన పార్క్ చుంగ్ హీ పద్ధెనిమిదేళ్ళు ఏలి, 1979 అక్టోబరు 26న తన గూఢచారి సంస్థ అధిపతి చేతిలోనే చచ్చాడు. ఇక ప్రజాస్వామ్యం వస్తుందని జనం ఆశపడ్డారు. కాని డిసెంబరు 12న జనరల్ చున్ దూ హ్వాన్ సైన్యాన్ని చేజిక్కించుకున్నాడు. 1980 మే 17న సైనిక శాసనాన్ని దేశమంతటికీ వర్తింపజేశాడు. మరునాడు గ్వాంగ్జూ నగరంలో చోన్నం విశ్వవిద్యాలయం గేటు దగ్గర విద్యార్థులకూ పారాట్రూపులకూ ఘర్షణ జరిగింది. సైనికులు విద్యార్థులనే కాదు, దారిన పోయేవాళ్ళను కూడా విచక్షణ లేకుండా కొట్టారు, బాయినెట్లతో పొడిచారు. 20న టాక్సీ డ్రైవర్లూ బస్సు డ్రైవర్లూ తమ బళ్ళను బారులు తీర్చి ప్రదర్శన చేశారు. 21న రాష్ట్ర కార్యాలయం ఎదుట సైన్యం జనం మీద కాల్పులు జరిపింది. జనం పోలీసుల ఆయుధాగారాల నుంచి తుపాకులు తెచ్చుకున్నారు. సైన్యం నగరం విడిచి వెనక్కు తగ్గింది. 22 నుంచి 26 వరకు ఐదు రోజులు నగరాన్ని ప్రజలే నడుపుకున్నారు. ఆడవాళ్ళు అన్నం ముద్దలు చేసి పంచారు. ఆసుపత్రుల ముందు రక్తమివ్వటానికి జనం వరసలు కట్టారు. 27 తెల్లవారుజామున సైన్యం తిరిగివచ్చి, రాష్ట్ర కార్యాలయంలో మిగిలినవారిని కాల్చి, నగరాన్ని పట్టుకున్నది. ప్రభుత్వ లెక్క ప్రకారమే 160 మందికి పైగా పౌరులు పోయారు. జాడ తెలియనివారు వేరే.

ఈ వస్తువును హాన్ కాంగ్ వీరగాథగా రాయలేదు. ఆమె కథానాయకుడు మిడిల్ స్కూలు చదివే దోంగ్ హో అనే కుర్రాడు. తప్పిపోయిన స్నేహితుణ్ణి వెతుక్కుంటూ వచ్చి, శవాలుంచిన వ్యాయామశాలలో పనికి కుదురుకుంటాడు. వచ్చిన శవాలను నమోదు చేస్తాడు. వాసన తట్టుకోవటానికి కొవ్వొత్తులు వెలిగిస్తాడు. చివరి రాత్రి అందరూ వెళ్ళిపొమ్మన్నా కార్యాలయంలోనే ఉండిపోయి చచ్చిపోతాడు. తరువాతి అధ్యాయాలలో చచ్చిన స్నేహితుని ఆత్మ, 1985లో ఒక సంపాదకురాలు, 1990లో ఒక మాజీ ఖైదీ, 2002లో ఒక మాజీ ఫ్యాక్టరీ కార్మికురాలు, 2010లో ఆ కుర్రాడి తల్లి, చివరకు 2013లో రచయిత్రీ మాట్లాడతారు. ప్రజా ఉద్యమం ఓడిపోయిన తరువాత ఓడినవాళ్ళు ఎట్లా బతికారన్నది ఈ నవల అసలు విషయం.

ఈ పనిని ఆమె ఎంత నిజాయితీగా చేసిందో చెప్పటానికి రెండు ఘట్టాలు చాలు. సైన్యం చంపినవాళ్ళ శవాల మీద జాతీయ పతాకం కప్పి, జాతీయ గీతం పాడుతుంటారు. చంపింది ఆ దేశమే కదా, మరి ఆ దేశపు గీతమెందుకని దోంగ్ హోకు అర్థం కాదు. తిరుగుబాటు చేసింది సైనికులు, మనం కాదని ఒక అమ్మాయి జవాబిస్తుంది. దేశం ఎవరిదన్న ప్రశ్న మీద ఎన్ని ఉపన్యాసాలైనా ఇంతకంటె స్పష్టంగా చెప్పలేవు. రెండవది సంపాదకురాలి కథ. ఉద్యమం అణగారి కొద్ది వారాలైనా కాకముందే కార్యాలయం ఎదుటి నీటి ఫౌంటెను మళ్ళీ చిమ్మటం మొదలుపెడుతుంది. దాన్ని కట్టెయ్యమని ఆ అమ్మాయి అధికారులకు టెలిఫోను చేస్తుంది. నియంతృత్వం కోరే ‘మామూలు పరిస్థితి’ అంటే ఏమిటో ఆ ఫౌంటెను చెబుతున్నది. అయిదేళ్ళ తరువాత అదే అమ్మాయి పోలీసుల చేత ఏడు చెంపదెబ్బలు తిని, సెన్సారు నల్లసిరా పులిమిన నాటకం ప్రతిని వాపసు తెచ్చుకుంటుంది. ఆ నాటకాన్ని నటులు శబ్దం లేకుండా పెదవులు మాత్రమే కదిపి ఆడతారు. ఇక్కడ రూపమూ వస్తువూ వేరువేరుగా లేవు.

అయితే ఇప్పుడు రెండవ ప్రశ్న. ఇంత జరుగుతుంటే బయటి ప్రపంచం ఏం చేస్తున్నది?

1978 నుంచి దక్షిణ కొరియా సైన్యంలో చాలా భాగం అమెరికన్ జనరల్ అధిపతిగా ఉన్న సంయుక్త సేనా నాయకత్వం కింద ఉండేది. గ్వాంగ్జూలో మొదట మారణకాండ జరిపిన పారాట్రూపులు ఆ నాయకత్వం కింద లేరన్నది నిజమే. అమెరికన్ ప్రభుత్వం 1989లో ఇచ్చుకున్న సంజాయిషీలో ఈ మాటను గట్టిగానే చెప్పింది. కాని నగరాన్ని తిరిగి పట్టుకోవటంలో పాల్గొన్న 20వ డివిజన్‌ను వాడుకోవటానికి తాము సమ్మతించామని కూడా అదే సంజాయిషీలో ఒప్పుకున్నది. మే 22న, అంటే కాల్పుల మరునాడు, వైట్ హౌస్‌లో ఉన్నతాధికారులు సమావేశమై, ముందు శాంతిభద్రతలు పునరుద్ధరించాలి, ప్రజాస్వామ్యం సంగతి తరువాత అని నిశ్చయించారు. రహస్యంగా ఉన్న ఈ కాగితాలు 1996లో బయటికి వచ్చాయి. 1979లో ఇరాన్‌లో షా కూలిపోయాడు. కొరియా మరొక ఇరాన్ కాకూడదన్నది వాళ్ళ భయం. మానవ హక్కులు తన విదేశాంగ విధానానికి ఆత్మ అన్న కార్టర్ ప్రభుత్వం చేసిన పని ఇది. తరువాత రీగన్ 1981 ఫిబ్రవరిలో చున్ దూ హ్వాన్‌ను వైట్ హౌస్‌కు పిలిచి మర్యాద చేశాడు.

నవల ఈ సంగతిని తన విషయంగా తీసుకోలేదు. దీనికి ఒక సమాధానం వెంటనే వస్తుంది: నవల చరిత్ర గ్రంథం కాదు, వాషింగ్టన్ సమావేశాలను వర్ణించటం నవలాకారుల పని కాదు. నిజమే. వాషింగ్టన్ మీద ఒక అధ్యాయం రాయమని నేను అడగటం లేదు. నా ఆక్షేపణ వేరు. విదేశీ శక్తిని గురించిన ఆశా, ఆ ఆశ భంగం కావటమూ గ్వాంగ్జూ ప్రజల స్వానుభవం. కోరల్ సీ అనే అమెరికన్ విమానవాహక నౌక కొరియా వైపు వస్తున్నదన్న వార్త ఆ ఐదు రోజులలో నగరానికి తెలిసింది. అది తమను కాపాడటానికే వస్తున్నదని చాలామంది నమ్మారు. అది వచ్చింది ఉత్తర కొరియాను హెచ్చరించటానికి, అంటే లోపల జరిగే పనికి బయటి నుంచి ఆటంకం రాకుండా చూడటానికి. ఆ నమ్మకం విరిగిన చోటనే కొరియా యువతరంలో కొత్త చైతన్యం పుట్టింది. 1980 డిసెంబరులో గ్వాంగ్జూలోనూ, 1982 మార్చిలో బూసాన్‌లోనూ అమెరికన్ సాంస్కృతిక కేంద్రాలకు నిప్పు పెట్టారు. 1985 మేలో సియోల్‌లో విద్యార్థులు అమెరికన్ గ్రంథాలయాన్ని ఆక్రమించి, గ్వాంగ్జూకు సంజాయిషీ చెప్పమని అడిగారు. నవలలో సంపాదకురాలి అధ్యాయం జరిగేది సరిగ్గా 1985లోనే! ఆమె మౌనంగా తిన్న ఏడు దెబ్బలకూ, ఆ విద్యార్థులు గొంతెత్తి అడిగిన ప్రశ్నకూ సంబంధం ఉన్నది. ఆ సంబంధాన్ని నవల వెలికి తియ్యలేదు.

ఈ లోటు వల్ల కలిగిన నష్టం ఖైదీ అధ్యాయంలో కనబడుతుంది. చిత్రహింసలు అనుభవించిన ఆ మనిషి, ఇట్లాంటి క్రౌర్యం గ్వాంగ్జూలోనే కాదు, జెజూ దీవిలో, నాన్జింగ్‌లో, బోస్నియాలో జరిగిందని తలపోస్తాడు. వియత్నాంలో కొరియన్ సైనికులు చేసిన ఘోరాలను కూడా మరిచిపోడు. ఇది గొప్ప నిజాయితీ. తన జాతి తప్పును కూడా లెక్కలోకి తీసుకున్న రచన ఇది. కాని అన్ని హత్యలనూ ఒకే వరసలో పెట్టి ‘మనిషి స్వభావం ఇంతేనా?’ అని అడిగినప్పుడు, ప్రశ్న లోతైనదిగా వినిపిస్తుందే గాని నేరస్థుడు జారిపోతాడు. మనిషి స్వభావం 20వ డివిజన్‌ను కదిలించలేదు. దాన్ని కదల్చమన్నవాళ్ళకూ, కదల్చవచ్చునని సమ్మతించినవాళ్ళకూ పేర్లున్నాయి, హోదాలున్నాయి, తేదీలున్నాయి.

ఇంతవరకు చదివి, ఈ విమర్శ ఒక్క అమెరికా మీదనే గురిపెట్టిందని ఎవరైనా అనుకోవచ్చు. ఈ కొలతను మన శిబిరం అనుకున్నదానికి కూడా వర్తింపజెయ్యకపోతే ఇది విమర్శ కాదు, వకాల్తా అవుతుంది. అందుకు 1956 నాటి హంగరీ మంచి పరీక్ష. అక్టోబరు 23న బుడాపెస్టులో జనం తిరగబడ్డారు. ఫ్యాక్టరీలలో కార్మికులు తమ సంఘాలు పెట్టుకున్నారు. నవంబరు 4న సోవియట్ టాంకులు నగరం మీద విరుచుకుపడ్డాయి. సాంస్కృతిక మంత్రిగా ఉన్న మార్క్సిస్టు విమర్శకుడు లూకాచ్‌ను రుమేనియాకు తరలించారు. రచయిత తిబోర్ డేరీని జైల్లో పెట్టారు. ప్రధాని ఇమ్రే నాగీని 1958లో ఉరితీశారు. అణచినవాళ్ళు దాన్ని ‘ప్రతివిప్లవం’ అన్నారు. చున్ దూ హ్వాన్ గ్వాంగ్జూను ‘అల్లరి’ అన్నాడు. రెండు మాటలూ ఒకే పనికి వచ్చాయి. రేడియోలో ప్రోత్సాహపు మాటలు వినిపించిన పశ్చిమ దేశాల నుంచి సాయమేమీ రాలేదు. ఆ రోజులలోనే బ్రిటనూ ఫ్రాన్సూ సూయెజ్ మీద బాంబులు వేస్తున్నాయి. మన దేశం కూడా నవంబరు 9న, సైన్యాల ఉపసంహరణనూ స్వేచ్ఛగా ఎన్నికలనూ కోరిన ఐక్యరాజ్య సమితి తీర్మానానికి వ్యతిరేకంగా వోటు చేసింది. బుడాపెస్టు జనం రేడియోను నమ్మినట్టే గ్వాంగ్జూ జనం నౌకను నమ్మారు. పెద్ద రాజ్యాలు తిరుగుబాటును చూసేటప్పుడు చూసేది తిరగబడ్డవాళ్ళను కాదు, అవతలి పెద్ద రాజ్యాన్ని.

హాన్ కాంగ్ నవల విలువ ఇక్కడనే తెలుస్తుంది. పెద్ద రాజ్యాల కాగితాలలో గ్వాంగ్జూ ఒక ‘పరిస్థితి’. ఆమె నవలలో అది చొక్కా, బూట్లు, శవం మీద కప్పిన గుడ్డ. కుర్రాణ్ణి ‘నువ్వు’ అని సంబోధించటం ఆ కాగితాల భాషకు సూటి అయిన ఎదురుదెబ్బ. కాని ఎదురుదెబ్బ తగలవలసిన మనిషిని కూడా చూపించి ఉంటే, దుఃఖం జ్ఞానంగా మారేది.

చనిపోయినవారి జ్ఞాపకం వృథా పోదనటానికి కొరియాయే సాక్ష్యం. 2024 డిసెంబరు 3 రాత్రి అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ సైనిక శాసనం ప్రకటించినప్పుడు జనం పార్లమెంటు ముందు చేరి సైనికులకు అడ్డం నిలిచారు. లోపల 190 మంది సభ్యులు ఏకగ్రీవంగా దాన్ని రద్దు చెయ్యమన్నారు. 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం అతణ్ణి పదవి నుంచి తొలగించింది. ఆ రాత్రి గుమిగూడినవాళ్ళు ఏ నౌక కోసమూ ఎదురుచూడలేదు. గ్వాంగ్జూను మరిచిపోనివ్వని రచయితలకు ఇందులో కొంత వాటా ఉన్నది. ఆ వాటా హాన్ కాంగ్‌కు నిస్సందేహంగా చెందుతుంది. అయితే విదేశీ సమ్మతిని కూడా వస్తువులోకి తెచ్చుకున్న గ్వాంగ్జూ నవలకు ఇంకా స్థలం ఉన్నది.