ఉప్పుకాలువలో కరూ బోకడం

గంజాం తీరాన హుమ్మలో ఉప్పు మడులకు నీరు తెచ్చే కాలువ గట్టున బోర్లా పడుకుని ఉన్నాను. పాటు తీసి బురద బయటపడింది. మోచేతికి రెండు బారల దూరంలో, ఆ బురదలోనే, రెండు ఆవగింజలు మెరిశాయి. కాసేపటికి గానీ అవి కళ్లని తెలియలేదు.

"అదేటీ సెయ్యదు బాబూ, సేపల్ని తింటాది," అన్నాడు గంప దించుతున్న పెద్దాయన. ఈ తీరంలో తెలుగు ఇంకా వినిపిస్తుంది. 1936 దాకా గంజాం మద్రాసు రాజధానిలోదే కదా!

ఆయన మాట చాలావరకు నిజమే. ఇది కుక్కమూతి నీటిపాము. దీని కోరలు నోట్లో వెనకవైపు ఉంటాయి. విషం చేపలకు సరిపోయేంతే. ఉప్పుటేళ్లలో, మడ అడవుల్లో, నదుల మొగల్లో బతుకుతుంది. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది.

శాస్త్రవేత్తలు దీన్ని సెర్బెరస్ రింకాప్స్ అంటారు. 1799లో ష్నైడర్ అనే శాస్త్రవేత్త దీనికి రింకాప్స్ అని పేరు పెట్టింది ప్యాట్రిక్ రసెల్ వేయించిన బొమ్మ ఆధారంగా. రసెల్ విశాఖపట్నంలో ఉండి పాముల్ని పరిశీలించిన వైద్యుడు, ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త. 1796లో లండన్‌లో అచ్చయిన ఆయన పుస్తకంలో 17వ బొమ్మ ఇదే. నమూనా వెళ్లింది గంజాం నుంచి. అంటే నేను పడుకున్నది ఆ పాము పుట్టింటి వాకిట్లో!

రసెల్‌లో నాకు నచ్చే పనితనం రంగుల్లో కన్నా ఓపికలో ఉంది. పొట్టకింది పొలుసులు, తోకకింది పొలుసులు విడివిడిగా లెక్కపెట్టి రాశాడు. ఇక్కడి జనం చెప్పిన పేర్లు చెవికి తోచినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకున్నాడు. కట్లపాముల జాతికి బంగారస్ అన్న పేరు అలా మన 'బంగారం' నుంచే వెళ్లింది. ఈ పాముకి రాసుకున్న పేరు 'కరూ బోకడం'. ఆ 'కరూ' మన కారుమబ్బులోని కారేనని నా ఊహ.

ఇక తల సంగతి. నిలబడి తీసిన నా మొదటి ఫోటోలన్నీ దండగ. బురదలో పడేసిన తాడులా వచ్చింది పాము. నీటి మట్టానికి కెమెరా దించాకే తల కట్టడం తెలిసింది. కళ్లు చిన్నవి, పక్కలకు కాకుండా దాదాపు నడినెత్తిన ఉన్నాయి. ముక్కురంధ్రాలూ పైనే. ఒళ్లంతా బురదలో దాచుకుని ఆ నాలుగు చుక్కలు బయట పెడితే చాలు, చూపూ ఊపిరీ రెండూ సాగుతాయి. కంటి మీదుగా మెడదాకా నల్లచార ఒకటి గీసి ఉంది. కన్నెక్కడో చార ఎక్కడో పోల్చుకోవడం కష్టం. ఒంటిమీద ఒక్కో పొలుసుకీ నడుమ సన్నని గట్టు. అందుకే మెరుపు లేదు, తడి బురద రంగే.

ముక్కుకి మూతలున్నాయి. మునిగితే మూసుకుంటాయి. అవి తెరుచుకునే క్షణం కోసం ముప్పావుగంట ఆగాను. మూత లేచింది, అంచున నీటిబొట్టు ఒకటి వణికి జారింది. దొరికింది ఆ ఒక్క ఫోటోనే.

ఇంత ఉప్పులో ఎలా బతుకుతుందన్నది వేరే ముచ్చట. ఒంట్లో మిగిలిన ఉప్పుని బయటికి తోసే గ్రంథి పైదవడ ముందుభాగంలో ఉన్నట్టుందని 1979లో పరిశోధకులు రాశారు. మడిలో మనిషి రోజంతా ఎండలో ఉప్పు తీస్తుంటే, పక్క కాలువలో ఇది ముట్టెతో అదే పని చేస్తోందన్నమాట.

ఒంటి చారల వరస చూడాలంటే ఇప్పటికీ రసెల్ బొమ్మే మేలు. నా ఫోటోలో సగం ఒళ్లు బురదలోనే ఉంది.  కానీ చూసే కన్ను ఆ బొమ్మలో లేదు.

పోటు మొదలవగానే పాము పక్కవాటుగా జారి నీళ్లలోకి పోయింది. మీరూ హుమ్మ వైపు వెళ్తే కర్రతో లేపి, మెడ పట్టుకుని ఫోటో తియ్యకండి. దాని తల ఎందుకలా ఉందో నీళ్లలో ఉన్నప్పుడే తెలుస్తుంది.