ఒకటిన్నర మిల్లీసెకను

"సార్, మళ్ళీ ఆగింది" అని ఆపరేటర్ ఫోన్ చేసేవాడు. నేను వెళ్ళేసరికి యంత్రం మామూలుగా తిరుగుతూ ఉండేది. రోజుకోసారి, ఒక్కోసారి రెండు రోజులకోసారి ఇదే వరస. సీసాలకు మూతలు బిగించే లైన్ అది. రియల్ టైమ్ లైనక్స్ నడిచే చిన్న కంట్రోలర్ ఒకటి ప్రతి 2 మిల్లీసెకన్లకు ఈథర్‌నెట్ మీద మోటారు డ్రైవ్‌కు ఆదేశం పంపుతుంది. డ్రైవ్ తానెక్కడుందో జవాబు చెబుతుంది. వరసగా మూడు జవాబులు అందకపోతే యంత్రం తనంతట తానే ఆగిపోతుంది. ఆగాలి కూడా. మూతలు బిగించే చక్రాల పక్కనే మనుషుల చేతులుంటాయి. "మూడును పది చేస్తే పోదా?" అని ఒకరు అడిగారు. నేను ఒప్పుకోలేదు.

అందరి అనుమానమూ నెట్‌వర్క్ మీదే. కేబుల్ మార్చారు, స్విచ్ మార్చారు. అయినా ఆగింది.

రియల్ టైమ్ అంటే వేగం అనుకుంటాం. నిజానికి రియల్ టైమ్ కెర్నల్ మొత్తం పనిలో మామూలు కెర్నల్ కంటే కాస్త వెనకబడవచ్చు. అది ఇచ్చేది హద్దు: ఎంత ఆలస్యమైనా ఇంతకు మించదు అన్న భరోసా. అందుకే పింగ్ చూపించే సగటు నాకు అక్కరకు రాదు. లక్ష ప్యాకెట్లు సకాలంలో వచ్చాయన్నది నాకు వార్త కాదు. రాని ఆ ఒక్కటి ఎక్కడ ఆగిందో కావాలి.

ముందు సైక్లిక్‌టెస్ట్ అనే పరీక్షను రాత్రంతా నడిపాను. గరిష్ఠ ఆలస్యం 40 మైక్రోసెకన్లు. చక్కటి అంకె. కానీ నిద్రపోయిన థ్రెడ్ చెప్పిన వేళకు లేచిందా లేదా అన్నదే అది కొలుస్తుంది. ప్యాకెట్ నడిచే దారి గురించి దానికేమీ తెలియదు. తర్వాత నెట్‌వర్క్ కార్డు అమరికలు మార్చే ఈథ్‌టూల్ తెరిచాను. నెట్‌వర్క్ కార్డు ప్రతి ప్యాకెట్‌కూ ప్రాసెసర్‌ను లేపకుండా కొన్నిటిని పోగేసి ఒకేసారి లేపుతుంది. ఆ పోగేసే వ్యవధిని సున్నా చేశాను. లింక్ ఖాళీగా ఉన్నప్పుడు కునుకు తీసే విద్యుత్ పొదుపును ఆపాను. ప్రాసెసర్ గాఢనిద్రలోకి జారకుండా కట్టడి చేశాను. ఒక్కొక్కటీ కొన్ని పదుల మైక్రోసెకన్లు తగ్గించింది. యంత్రం మాత్రం మళ్ళీ ఆగింది. పదుల మైక్రోసెకన్లు తినే దొంగ వేరు, మిల్లీసెకన్లు తినే దొంగ వేరు. ఇది ముందే ఆలోచించి ఉంటే నాలుగు రోజులు మిగిలేవి.

స్విచ్‌లో ఒక పోర్టును మిర్రర్ చేసి, వచ్చే పోయే ప్యాకెట్లన్నీ ఒక ల్యాప్‌టాప్‌లో పట్టించాను. ఆగిన క్షణంలో కూడా డ్రైవ్ జవాబు 90 మైక్రోసెకన్లకే తీగ మీదకొచ్చింది. తీగ నిర్దోషి. ఆలస్యం మా కంట్రోలర్ పెట్టెలోనే ఉంది.

అప్పుడు మా లాగ్‌ను తీరిగ్గా చదివాను. ఆలస్యమైన జవాబులన్నీ అటూ ఇటూగా ఒకటిన్నర మిల్లీసెకనే. అనుకోకుండా జరిగే ఆలస్యం చెల్లాచెదురుగా ఉంటుంది. ప్రతిసారీ ఒకే అంకె వస్తోందంటే దాన్ని ఎవరో ఎక్కడో రాశారన్నమాట. రాసింది మేమే. ఆదేశం పంపాక, నిద్రపోతే లేవడం ఆలస్యమవుతుందన్న భయంతో, మా కంట్రోల్ థ్రెడ్ ఒకటిన్నర మిల్లీసెకను దాకా సాకెట్‌ను తడుముతూ గిరగిరా తిరుగుతుంది.

కెర్నల్ వేసే అడుగులను నమోదు చేసే ఎఫ్‌ట్రేస్‌ను ఆన్ చేసి వదిలేశాను. మొదటి జవాబు తప్పగానే ట్రేసింగ్‌ను ఆపేలా మా ప్రోగ్రామ్‌లోనే ఒక పంక్తి చేర్చాను. అలా చేస్తే బఫర్‌లో సరిగ్గా ఆ ముందరి క్షణాలే మిగులుతాయి. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పద్ధతి ఇదే. మర్నాడు మధ్యాహ్నం దొరికింది.

ప్రీయెంప్ట్ ఆర్‌టీ అనే ఈ రియల్ టైమ్ కెర్నల్‌లో ఇంటరప్ట్ పని చాలావరకు ఒక థ్రెడ్‌గా నడుస్తుంది. దానికి మామూలుగా ఉండే ప్రయారిటీ 50. మా కంట్రోల్ థ్రెడ్‌కు మేమిచ్చింది 80. రెండూ వేర్వేరు కోర్‌లలో ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. కానీ కార్డు ఇంటరప్ట్‌ను ఏ కోర్‌కూ కట్టేయలేదు. లోడ్ మారినప్పుడల్లా ఐఆర్‌క్యూబ్యాలెన్స్ అనే ప్రోగ్రామ్ దాన్ని అటూ ఇటూ జరుపుతోంది. ఎప్పుడో ఒకసారి అది మా థ్రెడ్ ఉన్న కోర్‌కే చేరేది. ఇక జవాబు తెచ్చే థ్రెడ్ గుమ్మంలో నిలబడి ఉంటుంది, జవాబు కోసం ఎదురుచూసే థ్రెడ్ తలుపుకు అడ్డంగా తిరుగుతూ ఉంటుంది. గడువు తీరి అది పక్కకు తప్పుకున్నాకే జవాబు లోపలికొచ్చేది. కెర్నల్ మేం చెప్పింది చెప్పినట్టు చేసింది.

ఈ కెర్నల్ వెనక ఇరవై ఏళ్ళ శ్రమ ఉంది. థామస్ గ్లైక్స్‌నర్, ఇంగో మోల్నార్ లాంటివాళ్ళు విడి ప్యాచ్‌లుగా మోసుకొచ్చినది 2024 నవంబరులో విడుదలైన 6.12తో అసలు లైనక్స్‌లో కలిసింది. మా పెట్టెలో ఉన్నది ప్యాచ్ వేసిన పాతది. అయినా ఆ ట్రేస్‌లో ప్రతి అడుగూ చదవగలిగేలా ఉంచిన వాళ్ళ మీద నాకు గౌరవం పెరిగింది.

ఇంటరప్ట్‌ను వేరే కోర్‌కు కట్టేశాను. దాని థ్రెడ్ ప్రయారిటీని సీహెచ్‌ఆర్‌టీ కమాండ్‌తో 85కి పెంచాను. మా థ్రెడ్‌ను గిరగిరా తిరగనీయకుండా నిద్రపుచ్చి, జవాబు వచ్చాకే లేచేలా మార్చాను. మూడు వారాలు కొలిచాను. జవాబుకు పట్టిన గరిష్ఠ సమయం 140 మైక్రోసెకన్లు.

తీసేసిన పాత కేబుల్ ఇంకా ప్యానెల్ పక్కనే చుట్టి ఉంది. దాన్నే మళ్ళీ బిగించి ఇంకో వారం చూశాను. ఆపరేటర్ ఫోన్ చేయలేదు.