ఆముక్తమాల్యదలో నడవియుఁ జెఱువును

శ్రీకృష్ణదేవరాయల (పాలనము 1509–1529) యాముక్తమాల్యదను నేఁడు కొందఱు ప్రకృతిరక్షణకుఁ బ్రమాణగ్రంథముగా నెన్నుచున్నారు. ఈ ప్రశంస సగమే సత్యము. చతుర్థాశ్వాసమున యామునాచార్యుఁడు కుమారునకుఁ జెప్పు రాజనీతిలో సరిహద్దు దుర్గములచెంత నడవులఁ బెంపుమనియు, దేశమధ్యమందలి వానిని దొంగలబాధ తొలఁగుటకై నఱికింపుమనియుఁ గలదు. ఇచ్చట నడవి యొక కోటగోడ, కానిచో దొంగలకు నెలవు; వనముగా దానికి మన్ననయే లేదు. అదే యాశ్వాసమున వర్షర్తువును వర్ణించుచు, నిప్పు దొరకక, దొరకినను పొయ్యి రాఁజక పొగలో వేసారు నిల్లాండ్ర పాట్లను గూడఁ గనిన కవి యితఁడేనా యని పాఠకునకు సంశయము కలుగును.

చెఱువుల మాట వేఱు. దేశ మెంత చిన్నదైనను గుంటలు, కాలువలు త్రవ్వించి, పేదకర్షకునకుఁ బన్ను తగ్గింపవలెనని యచ్చటి పద్యభావము. నీటిని నిలుపుటయు, నిఱుపేదను నిలుపుటయు నొకే పనియని కవి యెఱిఁగినాఁడు. కడపసీమలోని పోరుమామిళ్ల చెఱువుశాసనము (1369) మంచి తటాకమునకుఁ బండ్రెండంగములను, ఆఱు దోషములను లెక్కించినది. ఆ నిర్మాణశాస్త్రమున లేని కరుణ రాయల పద్యమునఁ గలదు. కాని యా కరుణ యడవిదాఁక సాగలేదు. చెఱువునిండు నీరు కొండయడవులనుండియే దిగివచ్చునన్న యెఱుక యీ రెండు పద్యములను గలుపలేదు.