నాయుడుపేటకు అటూ ఇటూ యాంటెన్నాలు

నాయుడుపేట నుంచి దక్షిణంగా హైవే పట్టుకుని సూళ్లూరుపేట చేరి, పులికాట్ సరస్సు దాటితే శ్రీహరికోట వస్తుంది. స్వర్ణముఖి ఎగువకు, అంటే పడమరకు వెళ్తే శ్రీకాళహస్తి, తిరుపతి, చంద్రగిరి దాటాక గాదంకి వస్తుంది. మొదటి దారి చివర ఏముందో ఈ ప్రాంతంలో బడి పిల్లలను అడిగినా చెబుతారు. రాకెట్ లేచిన రోజున మిద్దెలెక్కి చూసేవాళ్లే అందరూ. రెండో దారి చివర ఉన్నదాని పేరు మాత్రం మనలో చాలామంది విననే లేదు. అక్కడ కొండల మధ్య చదును నేల మీద 1024 యాంటెన్నాలు 32 వరసల్లో, వరసకు 32 చొప్పున నిలబడి ఉన్నాయి. ముప్ఫై ఏళ్లకు పైగా అవి మన నెత్తి మీది గాలిని కొలుస్తున్నాయి.

యాంటెన్నా అనగానే పెద్ద గొడుగు లాంటి డిష్ గుర్తుకొస్తుంది. గాదంకిలో డిష్ లేదు. ఉన్నవి లోహపు కడ్డీలు. వాటి బలం మూడు విషయాల్లో ఉంది: కడ్డీ కొలత, కడ్డీల వరస, ఒక్కోదానికి కరెంటు అందే సమయం. వైర్‌లెస్ విద్యలో 130 ఏళ్లుగా వచ్చిన గొప్ప ఆవిష్కరణలు చాలావరకు ఈ మూడింటి చుట్టూ తిరిగినవే. ఆ విద్యను పెద్ద ఎత్తున చేసి చూపించిన చోటు మన ఇంటి పక్కనే ఉంది కనుక దాన్ని మనం తెలుసుకుని తీరాలి.

కొలత

రేడియో తరంగం సెకనుకు దాదాపు 30 కోట్ల మీటర్లు ప్రయాణిస్తుంది. ఆ వేగాన్ని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే తరంగం పొడవు తెలుస్తుంది. గాదంకి రాడార్ ఫ్రీక్వెన్సీ 53 మెగాహెర్ట్జ్, తరంగం పొడవు 5.66 మీటర్లు. ఆ పొడవులో సగానికి కాస్త తక్కువగా కోసిన కడ్డీ ఆ తరంగానికి బాగా స్పందిస్తుంది. లెక్క తేలికే. 150ని మెగాహెర్ట్జ్‌లతో భాగించి, వచ్చినదాంట్లో నూటికి ఐదు వంతులు తగ్గిస్తే కడ్డీ పొడవు మీటర్లలో వస్తుంది. 53 మెగాహెర్ట్జ్‌కు అది సుమారు 2.7 మీటర్లు. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ యాంటెన్నా చిన్నదవుతుంది. అందుకే నేటి ఫోన్లలో యాంటెన్నా బయటికి కనిపించకుండా ఇమిడిపోయింది.

బాగా చిన్న తరంగాలతో తొలి ప్రయోగాలు మన దేశంలోనే జరిగాయి. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్రబోస్ మిల్లీమీటర్లలో కొలిచే తరంగాలను పుట్టించి, గోడల అవతల గంట మోగించి చూపించాడు. ఆయన వాడిన ఫ్రీక్వెన్సీలు 60 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లాయి. తరంగాన్ని ఒక దిక్కుకు పంపడానికి ఆయన చేసుకున్న లోహపు గరాటు వంటి ముఖాన్ని ఇవాళ హార్న్ యాంటెన్నా అంటున్నాం. 1897లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లోనూ వీటిని ప్రదర్శించాడు. ఆ ఫ్రీక్వెన్సీలు ప్రపంచానికి నిత్యావసరం కావడానికి నూరేళ్లు పట్టింది.

వరస

రెండో మెట్టు జపాన్‌లో పడింది. 1926లో తోహోకు విశ్వవిద్యాలయంలో షింతారో ఉదా, ఆయన ఆచార్యుడు హిదెత్సుగు యాగి ఒక వింత గమనించారు. కరెంటు అందే కడ్డీకి వెనక కాస్త పొడుగు కడ్డీ, ముందు కాస్త పొట్టి కడ్డీలు పెడితే చాలు, వాటికి ఏ తీగా కలపకపోయినా తరంగం ముందుకే ఎక్కువగా వెళ్తుంది. వెనకది అద్దంలా తిప్పి కొడుతుంది, ముందువి దారి చూపుతాయి. ఖరీదైన భాగమేదీ లేకుండా, కొలతల తేడాతోనే తరంగానికి దిక్కు దొరికింది.

ఈ యాంటెన్నాకు సొంత దేశంలో విలువ దక్కలేదు. 1942లో సింగపూర్‌ను పట్టుకున్న జపాన్ సైన్యానికి బ్రిటిష్ రాడార్ కాగితాలు దొరికాయనీ, వాటిలో ఉన్న యాగి అనే మాట అర్థం కాక ఒక ఖైదీని అడిగితే అది మీ ఆచార్యుడి పేరేనని చెప్పాడనీ సాంకేతిక చరిత్రలో ప్రసిద్ధమైన కథ ఉంది. పక్కనే ఉన్న విద్యను పట్టించుకోని సమాజం ఎంత నష్టపోతుందో చెప్పడానికి ఈ ఉదాహరణ చాలు.

నెల్లూరు సీమలో ఈ యాంటెన్నాను చూడని ఇల్లు లేదు. 1975లో మద్రాసు దూరదర్శన్ మొదలయ్యాక, బొమ్మ అందుకోవడానికి ఇళ్ల మీద పొడుగు గొట్టాలు నాటి బిగించిన అల్యూమినియం కడ్డీల వరస ఇదే. బొమ్మలో చుక్కలు పడితే ఒకరు మిద్దె మీద గొట్టం తిప్పడం, ఇంకొకరు కింద టీవీ ముందు నుంచి కేక వేయడం అప్పటి పిల్లలకు బాగా గుర్తు. దూరదర్శన్ తొలి బ్యాండ్ 47 నుంచి 68 మెగాహెర్ట్జ్ మధ్య ఉండేది. గాదంకి 53 మెగాహెర్ట్జ్ ఆ బ్యాండు లోపలిదే. అక్కడ నిలబెట్టిన 1024 యాంటెన్నాలూ మూడు కడ్డీల యాగి యాంటెన్నాలే. మన మిద్దె మీదివి మద్రాసు వైపు చూసేవి, అవి నింగి వైపు చూస్తున్నాయి. అదే తేడా.

సమయం

ఒక్క యాగి యాంటెన్నా తరంగాన్ని చాలా వెడల్పుగా పంచుతుంది. సూదిలా సన్నగా పంపాలంటే చాలా యాంటెన్నాలు కలిసి పనిచేయాలి. మన తీరంలో పెద్ద వల లాగేవాళ్లు హైలెస్సా అంటూ అందరూ ఒకే క్షణంలో ఎలా లాగుతారో, అన్ని యాంటెన్నాలూ అలా ఒకే అదనులో తరంగాన్ని వదలాలి. అప్పుడు నిట్టనిలువుగా పైకి వెళ్లే తరంగాలు ఒకదానికొకటి తోడవుతాయి. పక్కలకు వెళ్లేవి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. గాదంకిలో 130 మీటర్ల పొడవు, 130 మీటర్ల వెడల్పు ఉన్న చదరంలో అమర్చిన ఈ సమూహం దాదాపు 3 డిగ్రీల సన్నని పుంజాన్ని పంపుతుంది. 10 కిలోమీటర్ల ఎత్తులో దాని వెడల్పు అర కిలోమీటరు.

మరి ఆ పుంజాన్ని పక్కకు తిప్పాలంటే? 130 మీటర్ల పొలాన్ని వంచలేం కదా. వరసల మధ్య కాలాన్ని కొద్దిగా మారిస్తే సరిపోతుంది. వరసకూ వరసకూ మధ్య దూరం సుమారు 4 మీటర్లు. పుంజం 10 డిగ్రీలు వాలాలంటే ప్రతి వరసా ముందు వరస కంటే దాదాపు 2.3 నానోసెకన్లు ఆలస్యంగా పలకాలి. సెకనులో నూరు కోట్లవ వంతు నానోసెకను. ఒక్క కడ్డీ కూడా కదలకుండా పుంజం తూర్పుకు, పడమరకు, ఉత్తరానికి, దక్షిణానికి వాలుతుంది. ఈ పద్ధతినే ఫేజ్‌డ్ అర్రే అంటారు.

ఇంకో నేర్పు కూడా ఇందులో ఉంది. అన్ని వరసలకూ సమానంగా పవర్ ఇస్తే ప్రధాన పుంజానికి పక్కన దొంగ పుంజాలు లేస్తాయి. అవి చుట్టూ ఉన్న కొండలను తాకి తిరిగివచ్చి అసలు సంకేతాన్ని చెడగొడతాయి. అందుకని మొదట కట్టినప్పుడు 32 ట్రాన్స్‌మిటర్లను ఒకే శక్తితో చేయలేదు. మధ్య వరసలకు 120 కిలోవాట్ల దాకా, అంచు వరసలకు వచ్చేసరికి 15 కిలోవాట్ల దాకా తగ్గిస్తూ అమర్చారు. మొత్తం పీక్ పవర్ 2.5 మెగావాట్లు.

గాలి గొంతు వినడం

ఆకాశంలో ఏమీ లేని చోట ఈ తరంగం దేన్ని తాకి తిరిగి వస్తుంది? మబ్బు లేని గాలిలో కూడా సుడులుంటాయి. ఉష్ణోగ్రతలో, తేమలో చిన్న చిన్న తేడాలుంటాయి. తరంగం పొడవులో సగం, అంటే 2.83 మీటర్ల పరిమాణం ఉన్న సుడులు తరంగంలో అత్యంత స్వల్ప భాగాన్ని వెనక్కి పంపుతాయి. పెరూలోని హికమార్కా రాడార్‌తో 1974లో వుడ్‌మన్, గియ్యెన్ అనే శాస్త్రవేత్తలు ఈ సంగతి నిరూపించారు. ఆ దారిలోనే జపాన్‌లో, మన గాదంకిలో పెద్ద రాడార్లు వచ్చాయి.

వెనక్కి వచ్చిన తరంగం ఫ్రీక్వెన్సీ గాలి కదలికను బట్టి కాస్త మారుతుంది. ఎంత మారుతుందో చూడండి. సెకనుకు 10 మీటర్ల గాలి వీస్తుంటే, 10 డిగ్రీలు వాల్చిన పుంజంలో కనిపించే మార్పు సుమారు 0.6 హెర్ట్జ్. 5 కోట్ల 30 లక్షల హెర్ట్జ్‌లలో ఒక్క హెర్ట్జ్ కూడా లేని తేడా అది. పాలపుంత నుంచి వచ్చే రేడియో రొద మధ్యలో దాన్ని ఏరాలి. అందుకోసం వేలకొద్దీ స్పందనలను క్రమం తప్పకుండా కూడుతారు. పంపేటప్పుడే సంకేతాన్ని కోడ్ చేసి పంపి, 150 మీటర్ల ఎత్తు తేడాలను కూడా విడదీస్తారు. గాలిని కొలవడానికి వదిలే బెలూన్ పైకి చేరడానికి గంటకు పైగా పడుతుంది, అది గాలికి కొట్టుకుపోతుంది కూడా. రాడార్ అదే చోటి గాలిని నిమిషాల్లో, పగలూ రాత్రీ మళ్లీ మళ్లీ కొలుస్తుంది.

ఈ రాడార్‌ను ముంబైలోని సమీర్ సంస్థ రూపకల్పన చేసింది. 1993 నాటికి పూర్తి స్థాయిలో పనిలోకి వచ్చింది. పి. బి. రావు, ఎ. ఆర్. జైన్, వారి సహచరులు 1995లో రేడియో సైన్స్ పత్రికలో దీని నిర్మాణాన్ని ప్రపంచానికి వివరించారు. ఇక్కడి సంస్థ 2005లో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలగా పేరు మార్చుకుంది. నైరుతి రుతుపవనాల కాలంలో మన మీద 16 కిలోమీటర్ల ఎత్తున ఉరవడిగా వీచే తూర్పు జెట్ గాలిని, ట్రోపోపాజ్ అనే సరిహద్దు పొరలో జరిగే మార్పులను, ఇంకా పైన అయనోస్ఫియర్‌లో రాత్రిపూట లేచే అలజడిని ఇక్కడి నుంచి చదివారు. తరవాత పాత పెద్ద ట్రాన్స్‌మిటర్ల స్థానంలో ప్రతి యాంటెన్నాకూ ఒక కిలోవాట్ మాడ్యూల్‌ను విడివిడిగా పెట్టారు. ఒకటి చెడిపోయినా మిగతావి పని చేస్తూనే ఉంటాయి, పుంజాన్ని ఎటు కావాలంటే అటు చకచకా తిప్పవచ్చు.

ఇదేమీ ఒక్కసారిగా ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య బి. రామచంద్రరావు వంటివారు దశాబ్దాల ముందే అయనోస్ఫియర్ పరిశోధనకు పునాది వేశారు. ఆ పరంపరకు గాదంకి ఒక పెద్ద పంట.

తీరం వైపు

ఇప్పుడు నాయుడుపేటకు తూర్పు వైపు చూద్దాం. శ్రీహరికోట నుంచి 1971 అక్టోబరు 9న తొలి రోహిణి రాకెట్లు లేచాయి. రాకెట్ కళ్లకు కనిపించేది కొద్ది నిమిషాలే. ఆ తరవాత దాని ఆరోగ్యం, వేగం, దిక్కు తెలిసేది యాంటెన్నాల ద్వారానే. శ్రీహరికోటలోని మల్టీ ఆబ్జెక్ట్ ట్రాకింగ్ రాడార్‌లో 4608 చిన్న యాంటెన్నాలున్నాయి. 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల ఎత్తున్న ఆ పలక ఒకేసారి 10 వస్తువులను వెంబడించగలదు. 800 కిలోమీటర్ల దూరంలో ఒక అడుగు సైజు వస్తువును కూడా పట్టగలదు. గాదంకిలో వాడిన కాలపు కిటుకే ఇక్కడా ఉంది. ఫ్రీక్వెన్సీ పెరగడంతో పొలమంత సమూహం గోడంత అయింది.

శ్రీహరికోటలోనే దేశీయంగా చేసిన డాప్లర్ వాతావరణ రాడార్ ఉంది. దాని తరంగం పొడవు సుమారు 10 సెంటీమీటర్లు. అది మబ్బుల్లోని చినుకుల్ని చూస్తుంది, గాదంకి రాడార్ చినుకులు లేని వట్టి గాలిని కూడా చూస్తుంది. 1984 నవంబరులో ఈ తీరాన్ని తాకిన తుపానును చూసిన పెద్దలకు ఇలాంటి చూపు విలువ ఎవరూ వివరించనక్కర్లేదు.

మన జేబులోకి కూడా ఈ విద్య వచ్చేసింది. 5జీ టవర్ మీద పలకలో పదుల సంఖ్యలో చిన్న యాంటెన్నాలుంటాయి. ఫోన్ ఎటుంటే అటు పుంజాన్ని తిప్పేది ఇదే సూత్రం. ఒకే ఫ్రీక్వెన్సీ మీద పలు యాంటెన్నాలతో పలు సమాచార ధారలను పంపే మైమో పద్ధతికి 1990ల మొదట్లో పేటెంటు తెచ్చిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్, భారత నౌకాదళంలో పనిచేసి స్టాన్‌ఫోర్డ్ వెళ్లినవాడు. 5జీకి కేటాయించిన 26 గిగాహెర్ట్జ్ బ్యాండు బోస్ తిరిగిన దారి పక్కనే ఉంది.

ఇక చేయవలసింది

టవర్లు కూలి ఫోన్లు మూగబోయిన రోజున, అన్నిటికంటే పాత పద్ధతి ఆదుకుంటుంది. 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ మధ్య తరంగాలు అయనోస్ఫియర్‌ను తాకి వంగి వేల కిలోమీటర్ల అవతల దిగుతాయి. ఒక తీగ, ఒక బ్యాటరీ, ఒక సెట్టు ఉంటే చాలు. 2004 డిసెంబరు 26న సునామీ అండమాన్‌ను ముంచినప్పుడు, హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్, ఆమె బృందం హామ్ రేడియో మీద కబుర్లు మోశారు. తుపాన్లకు ఎదురు నిలిచే మన తీరంలో ఇలాంటివాళ్లు ప్రతి మండలంలో ఉండాలి.

నాయుడుపేట, గూడూరు, సూళ్లూరుపేట, తిరుపతి చుట్టుపక్కల కాలేజీల్లో ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలు ఎందరో ఉన్నారు. వారిలో ఎక్కువమంది యాంటెన్నాను పరీక్షలో ప్రశ్నగానే చూస్తున్నారు. అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే. మూడు అల్యూమినియం గొట్టాలు, ఒక కర్ర, రంపం పిల్లల చేతికివ్వండి. 145 మెగాహెర్ట్జ్‌కు నడిమి కడ్డీని సుమారు 98 సెంటీమీటర్లకు కోయించండి, వెనకదాన్ని కాస్త పొడుగు, ముందుదాన్ని కాస్త పొట్టి చేయించండి. వాళ్ల చేత అమెచ్యూర్ స్టేషన్ ఆపరేటర్ పరీక్ష రాయించండి. అనుమతి తీసుకుని ఒకసారి గాదంకికి తీసుకెళ్లి ఆ 1024 యాంటెన్నాల ముందు నిలబెట్టండి. బోసును మనం ఆలస్యంగా గుర్తించాం, యాగిని జపాన్ ఆలస్యంగా గుర్తించింది. గాదంకి విషయంలో ఆ తప్పు జరగకూడదు. దానికి వారసులను తయారు చేయడం ఈ ప్రాంతపు కాలేజీల బాధ్యత.