జూనియర్ హ్యాండ్లింగ్: కుక్కను చూపించే విద్య

శునక ప్రదర్శనలో న్యాయనిర్ణేత చేసే పని, ఎదుట నిలబడిన కుక్క తల, పళ్లు, ఛాతీ, వెన్ను, నడక ఆ జాతికి కెన్నెల్ క్లబ్బు ఆమోదించిన లిఖిత వర్ణనకు, అంటే జాతి ప్రమాణానికి, ఎంత దగ్గరగా ఉన్నాయో తేల్చడం. ఆ తీర్పులో లీష్ పట్టుకున్న మనిషికి వాటా లేదు. అయితే అదే ప్రాంగణంలో, అదే పద్ధతిలో జరిగే మరొక పోటీలో లెక్క తారుమారవుతుంది. అక్కడ కుక్క ఎంత మేలైనదన్న ప్రశ్నే రాదు, దానిని రింగులోకి తెచ్చిన పిల్లవాడు గానీ పిల్ల గానీ ఎంత నేర్పుగా చూపించారన్నదే పరిశీలనకు వస్తుంది. కుక్కను రింగులో నడిపి, నిలబెట్టి, పరీక్షకు సిద్ధంగా ఉంచే వ్యక్తిని హ్యాండ్లర్ అంటారు కాబట్టి ఈ పోటీకి బ్రిటన్‌లో జూనియర్ హ్యాండ్లింగ్ అన్న పేరు స్థిరపడింది. అమెరికాలో జూనియర్ షోమన్‌షిప్ అంటారు.

దీని పుట్టుక అమెరికాలోనే. వెస్ట్‌మిన్‌స్టర్ కెన్నెల్ క్లబ్ న్యూయార్క్‌లో తన తొలి ప్రదర్శనను 1877లో జరిపినా, 1884లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఏర్పడినా, పిల్లల కోసం ప్రత్యేకంగా ఒక తరగతి రావడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది. ఇతరుల కుక్కలను రుసుము తీసుకుని ప్రదర్శించే వృత్తి హ్యాండ్లర్ లియొనార్డ్ బ్రంబీ సీనియర్ పూనికతో 1932లో లాంగ్ ఐలండ్‌లోని వెస్ట్‌బరీ కెన్నెల్ అసోసియేషన్ ప్రదర్శనలో మొదటిసారిగా పిల్లల హ్యాండ్లింగ్ తరగతిని నిర్వహించారు. 1951లో దానికి జూనియర్ షోమన్‌షిప్ అన్న పేరు వచ్చింది, 1971లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ అధికారిక గుర్తింపు లభించింది. వెస్ట్‌మిన్‌స్టర్‌లో ఉత్తమ జూనియర్ హ్యాండ్లర్‌కు బ్రంబీ పేరిట స్మారక ట్రోఫీ ఇచ్చే సంప్రదాయం 1949 నుంచి ఉంది. బ్రిటన్‌లో 1985లో ఏర్పడిన జూనియర్ సంస్థే కాలక్రమంలో యంగ్ కెన్నెల్ క్లబ్‌గా మారింది, దానిలో 6 నుంచి 24 ఏళ్ల వయసు వారికి సభ్యత్వం ఉంటుంది. ఆ దేశపు అతిపెద్ద ప్రదర్శన క్రఫ్ట్స్‌లో వివిధ దేశాల విజేతలు తలపడే అంతర్జాతీయ జూనియర్ హ్యాండ్లింగ్ పోటీ కూడా జరుగుతుంది. విదేశాల నుంచి వచ్చేవారు చాలాసార్లు తమ పెంపుడు కుక్కతో కాక అక్కడ అరువు తెచ్చుకున్న కుక్కతో రింగులో దిగవలసి ఉంటుంది కనుక, ఏళ్ల తరబడి అలవాటైన కుక్క సాయం లేకుండా విద్య ఒక్కటే ఎంతవరకు నిలబడుతుందో ఆ పోటీలో తేలిపోతుంది.

అమెరికన్ నియమాల ప్రకారం 9 ఏళ్లు నిండి 18 నిండనివారే పోటీకి అర్హులు, వారిని 12, 15 ఏళ్ల వయసుల దగ్గర విడదీసి మూడు వయో వర్గాలుగా చేస్తారు. మొదటిసారి వచ్చేవారు నోవిస్ తరగతిలో మొదలుపెట్టి, అక్కడ పోటీ ఉన్నప్పుడు మూడుసార్లు ప్రథమ స్థానం పొందాక ఓపెన్ తరగతికి మారతారు. కుక్క ఆ జూనియర్‌ది గానీ, కుటుంబ సభ్యులది గానీ, ఇంట్లోవారిది గానీ అయి ఉండాలి. జాతి పోటీలకు పనికిరాని, సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించిన కుక్కను కూడా ఇక్కడ చూపించవచ్చు. జాతి పోటీ అంతిమంగా సంతానోత్పత్తికి తగిన కుక్కల ఎంపిక కోసం పుట్టింది కాబట్టి అక్కడ ఆ నిషేధానికి అర్థముంది. మనిషి నేర్పును కొలిచే చోట దానితో పని లేదు.

నేర్పులో మొదటి మెట్టు స్టాకింగ్, అంటే కుక్క శరీర నిర్మాణం స్పష్టంగా కనిపించేలా దానిని నిలబెట్టడం. ముందు కాళ్లు భుజాల కింద నిట్టనిలువుగా, ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. వెనుక కాళ్లలో మడమ కీలు నుంచి పాదం వరకు ఉండే భాగం నేలకు లంబంగా ఉండాలి. చేతితో సర్దేటప్పుడు ముందు కాలిని మోచేతి దగ్గర, వెనుక కాలిని మడమ కీలు దగ్గర పట్టుకుని ఎత్తి పెడతారు. కొత్తవారు పాదాన్ని పట్టుకుని లాగుతారు, కుక్క వెంటనే దానిని వెనక్కి తీసుకుంటుంది, మళ్లీ లాగుతారు, ఈలోగా న్యాయనిర్ణేత పక్కకు వచ్చి నిలబడి ఉంటారు. అనుభవమున్న జూనియర్ లీడ్‌ను, అంటే ప్రదర్శనకు వాడే సన్నని పట్టీని, కుక్క చెవుల వెనుక ఎత్తులో ఉంచి, మిగిలిన భాగాన్ని అరచేతిలో మడిచి దాచి, తల మీద అదుపు ఏ క్షణంలోనూ తప్పకుండా పట్టును ఒక చేతి నుంచి మరో చేతికి మార్చుకుంటూ నాలుగు కాళ్లనూ కొద్ది క్షణాల్లో సర్దేస్తుంది. చేయి తగలకుండా, కేవలం లీడ్ కదలికతో, అడుగుతో, చేతిలోని తినుబండారంతో కుక్క తనంతట తానే సరిగ్గా నిలబడేలా చేయడాన్ని ఫ్రీ స్టాక్ అంటారు. ఇది చూడటానికి తేలిక, సాధించడానికి నెలలు పడుతుంది.

అన్ని జాతులను ఒకేలా నిలబెట్టకూడదు, జూనియర్ చదువు బయటపడేది ఇక్కడే. జర్మన్ షెపర్డ్‌ను ఒక వెనుక కాలు ముందుకు, మరొకటి వెనక్కి ఉండేలా నిలబెట్టడం ఆనవాయితీ. బీగిల్ తోకను చేతితో పైకి ఎత్తి పట్టుకుంటారు. పగ్, పామరేనియన్ వంటి చిన్న జాతులను బల్లపైకి ఎక్కించి పరీక్షకు పెడతారు. టెర్రియర్లను న్యాయనిర్ణేత కోరితే ఒకదానికొకటి ఎదురుగా తెచ్చి, తాకనీయకుండా, వాటి ఉత్సాహం నిటారుగా నిలిచిన మెడలో, చెవుల్లో కనిపించేలా చేస్తారు. నోరు చూపించడంలోనూ తేడాలున్నాయి. చాలా జాతులకు దవడలు మూసే ఉంచి పెదవులు విడదీసి ముందు పళ్ల పొందిక చూపిస్తే సరిపోతుంది, కానీ డాబర్‌మన్ ప్రమాణం 42 పళ్లు కోరుతుంది, నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ లోపిస్తే అనర్హత కాబట్టి దాని నోరు పూర్తిగా తెరవాలి. చౌచౌకు నాలుక నీలి నలుపు రంగులో ఉండాలన్నది ప్రమాణం కనుక అక్కడ నాలుక కూడా కనిపించాలి. తాను తెచ్చిన జాతి గురించి ఈ సంగతులు తెలియని జూనియర్ ఎంత చురుకైనవాడైనా రింగులో అపరిచితుడిలాగే కనిపిస్తాడు.

నడిపించడం రెండో మెట్టు, నిజానికి పోటీ ఎక్కువగా తేలేది ఇక్కడే. ట్రాట్ అనే నడకలో ముందు కుడి కాలు, వెనుక ఎడమ కాలు జంటగా, తర్వాత రెండో జంటగా కదులుతాయి, అవయవాల పొందిక బాగా తెలిసేది ఈ వేగంలోనే. ఈ నడకను న్యాయనిర్ణేత కొన్ని నిర్ణీత గీతల మీద చూడాలని కోరతారు. తిన్నగా వెళ్లి తిన్నగా రావడం వీటిలో సులువైనది. త్రిభుజాకారంలో నడిచినప్పుడు దూరంగా వెళ్తుంటే వెనుక భాగం, అడ్డంగా దాటుతుంటే పక్క రూపం, ఎదురుగా వస్తుంటే ముందు భాగం వరుసగా కనిపిస్తాయి, కుక్కను ఎడమ వైపునే ఉంచుకున్నా ఇబ్బంది రాదు. ఇంగ్లీషు ఎల్, టి అక్షరాల ఆకారంలో నడవమన్నప్పుడే అసలు పరీక్ష. చివరి వరకు వెళ్లి అదే గీత మీద వెనక్కి తిరిగినప్పుడు, లీడ్ ఎడమ చేతిలోనే ఉంటే మనిషి కుక్కకూ న్యాయనిర్ణేతకూ మధ్య అడ్డుగోడ అవుతాడు. కాబట్టి ఆ మలుపులో లీడ్‌ను కుడి చేతికి మార్చి కుక్కను రెండో వైపుకు తేవాలి, అదీ నడక లయ చెదరకుండా, లీడ్ బిగుసుకోకుండా, చూపు న్యాయనిర్ణేత మీద నుంచి పోకుండా జరగాలి. చూసేవారికి ఏమీ జరిగినట్టు అనిపించకపోతే అది బాగా జరిగినట్టు.

ఉడికించి ముక్కలు చేసిన కాలేయమే తరచుగా వాడే ఎర. దాన్ని ఎప్పుడు చూపాలి, ఎప్పుడు జేబులో ఉంచాలి అన్నది కూడా విద్యలో భాగమే. దుస్తుల విషయంలో నియమం సులువు: జారని మడమల్లేని బూట్లు, వంగి కూర్చోవడానికి అనువైన దుస్తులు, కుక్క రూపరేఖలు కలిసిపోకుండా దాని రంగుకు భిన్నమైన రంగు.

ఈ పోటీలోని వైచిత్రి అంతా ఒక్క మాటలో చెప్పవచ్చు: తీర్పు హ్యాండ్లర్ మీదే అయినా, తాను కనిపించాలని ప్రయత్నించిన హ్యాండ్లర్ ఓడిపోతాడు. కుక్క చుట్టూ అదే పనిగా తిరగడం, సరిగ్గా ఉన్న కాలిని మళ్లీ మళ్లీ సర్దడం, న్యాయనిర్ణేత కదిలిన ప్రతిసారీ నాటకీయంగా పక్క మారడం, ముఖాన చిరునవ్వు అతికించుకోవడం వంటివాటిని ఓవర్‌హ్యాండ్లింగ్ అంటారు. మంచి మృదంగ విద్వాంసుడు గాయకుడి కీర్తనను మింగేయకుండా నిలబెట్టినట్టు, మంచి జూనియర్ చేతులు కుక్కను ముందుకు తెచ్చి తాము వెనక్కి తగ్గుతాయి. అయినా జూనియర్ రింగుల్లో ఈ అతి పోకడ తరచుగా కనిపిస్తుంది, అందుకు తప్పు పిల్లల్లో కన్నా తీర్పుల్లోనే వెతకాలి. విన్యాసాలకు రిబ్బన్ ఇచ్చే చోట విన్యాసాలే పెరుగుతాయి.

టీనేజ్ వయసువారిని ఈ అనుభవం ఎందుకు గట్టిగా పట్టుకుంటుందంటే, ఇక్కడ భాగస్వామి మాట వినకపోవచ్చు. బడిలో పాఠం, ఆటలో బంతి మనిషి తప్పు చేస్తే తప్ప తప్పవు, కానీ చక్కగా సాధన చేసిన కుక్క కూడా పక్క రింగులో చప్పట్లు వినగానే బెదరవచ్చు, నేల వాసన పట్టి ఆగిపోవచ్చు, పరీక్ష మధ్యలో కూర్చోవచ్చు. అప్పుడు లీడ్ గుంజి విసుక్కున్న జూనియర్ మార్కులు పోగొట్టుకుంటే, నింపాదిగా ఒక చుట్టు తిరిగి కుక్కను మళ్లీ నిలబెట్టినవారు అదే క్షణంలో న్యాయనిర్ణేత దృష్టిలో పైకి వస్తారు. కోపం చేతిలోకి రాకుండా చూసుకోవడం పదిహేనేళ్ల వయసులో తేలికైన సంగతి కాదు, లీడ్ గుండా అది కుక్కకు వెంటనే తెలిసిపోతుంది గనుక దాచడమూ కుదరదు. రింగులో గడిచే కొద్ది నిమిషాల వెనుక స్నానం, దువ్వడం, గోళ్లు కత్తిరించడం, రోజూ నడక, కొత్తవారి చేతులకు అలవాటు చేయడం వంటి పనుల రాశి ఉంటుంది, ఆ పనులు తల్లిదండ్రులో, జీతానికి పెట్టుకున్నవారో చేస్తే చేతుల తడబాటులోనే ఆ సంగతి బయటపడుతుంది.

అయితే ఈ సంప్రదాయాన్ని విమర్శకు అతీతమైనదిగా భావించనక్కర్లేదు. ప్రయాణాలు, ప్రవేశ రుసుములు, మేలుజాతి కుక్క ఖరీదు అన్నీ కలిసి దీన్ని స్థోమత ఉన్న కుటుంబాలకే దగ్గర చేస్తాయి. కుక్క నాణ్యతను లెక్కలోకి తీసుకోకూడదని నియమం చెప్పినా, పెద్దల పోటీల్లో ఆరితేరిన కుక్కతో వచ్చినవారికి కొంత అనుకూలం ఉండనే ఉంటుంది. జాతి ప్రమాణాల వెంటపడి చదును ముఖాల కుక్కల్లో ఊపిరి ఇబ్బందులు తెచ్చిపెట్టిన ప్రదర్శన ప్రపంచంలోనే ఈ పిల్లలు పెరుగుతున్నారన్నదీ నిజమే. కానీ ఆ ప్రపంచంలో అందానికి బదులు సంరక్షణకూ సంయమనానికీ బహుమతి ఇచ్చే మూల ఏదైనా ఉంటే అది జూనియర్ రింగే.

మన దేశంలో చెన్నై కేంద్రంగా పనిచేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా పరిధిలో హైదరాబాద్‌తో సహా అనేక నగరాల్లో శునక ప్రదర్శనలు జరుగుతాయి, కొన్నింటిలో పిల్లల హ్యాండ్లింగ్ పోటీ కూడా ఉంటుంది. దక్షిణాది జాతి రాజపాళయం వంటిది కొత్తవారు తాకితే సహించదని పేరు పడింది కాబట్టి, దానిని న్యాయనిర్ణేత చేతికి ప్రశాంతంగా అప్పగించగలిగిన జూనియర్ పనితనం ఏ లాబ్రడార్‌ను నడిపించడం కన్నానైనా పెద్దది. ఇలాంటి ప్రదర్శనకు వెళ్లే పాఠకులు విజేత కుక్క దగ్గర ఫొటోలకు గుమిగూడే ముందు పిల్లల పోటీ ఏ వేళకో తెలుసుకుని ఆ రింగు పక్కన కాసేపు నిలబడాలి, కుక్క మీద కన్నా లీడ్ పట్టిన చేతి మీద దృష్టి పెట్టాలి.